మధ్యాహ్నం కాగానే నెట్ తడబడుతోందా? స్విచ్‌లోని ఎస్‌ఎఫ్‌పీ మాడ్యూల్ వేడెక్కిందేమో చూడండి!

ఉదయం అంతా బాగానే ఉంటుంది. మధ్యాహ్నం రెండు దాటితే చాలు.. వీడియో కాల్‌లో మాటలు తెగిపోతాయి, ఫైల్ కాపీ నత్తనడక నడుస్తుంది. లింక్ లైట్ మాత్రం వెలుగుతూనే ఉంటుంది. టెక్నీషియన్ వచ్చేసరికి సాయంత్రం, అప్పటికి అంతా మామూలే! ఇలాంటప్పుడు అనుమానించాల్సిన వాటిలో ఒకటి స్విచ్‌లో దూర్చిన ట్రాన్సీవర్, అంటే ఎస్‌ఎఫ్‌పీ మాడ్యూల్.

సాధారణ రకం మాడ్యూళ్లు పైతొడుగు వేడి 70 డిగ్రీల సెల్సియస్ దాటనంత వరకే సరిగా పనిచేస్తాయి. ఇండస్ట్రియల్ రకమైతే 85 వరకు తట్టుకుంటాయి. ఏసీ లేని గదిలో 40 డిగ్రీలుంటే, దుమ్ము పట్టిన స్విచ్‌లో 70 పెద్ద దూరమేం కాదు. ఎక్కువగా కాలేవి ల్యాన్ కేబుల్ గుచ్చే 10 గిగాబిట్ కాపర్ మాడ్యూళ్లు. తక్కువ దూరపు ఫైబర్ మాడ్యూల్ 1 వాట్‌లోపే సరిపెట్టుకుంటుంది. ఇవి 2 వాట్లకు పైనే లాగుతాయి. పక్కపక్కనే పెడితే ఒకదాని వేడి ఇంకోదానికి ఎక్కుతుంది కాబట్టి మధ్యలో ఒక పోర్టు ఖాళీగా వదలాలి. ఒకే ర్యాక్‌లో రెండు మూడు మీటర్ల దూరానికి వీటి బదులు డాక్ కేబుల్ వేసుకోవడమే మేలు.

వేడెక్కితే జరిగేదేంటి? ఫైబర్ మాడ్యూల్‌లో లేజర్ అదే వెలుగు ఇవ్వడానికి ఎక్కువ కరెంట్ లాగుతుంది. ఒక దశ దాటాక బిట్లు తప్పుతాయి. చెడిన ఫ్రేమ్‌ను అవతలి స్విచ్ చప్పుడు లేకుండా పారేస్తుంది. టీసీపీ దాన్ని మళ్లీ పంపిస్తుంది. అందుకే నెట్ పూర్తిగా ఆగదు, ఈడుస్తుంది.

ముందు పోర్టు కౌంటర్లు చూడండి. సీఆర్‌సీ ఎర్రర్లు పెరుగుతుంటే లోపం మాడ్యూల్, కేబుల్, పోర్టు.. ఈ మూడింట్లో ఎక్కడో ఉంది. డిస్కార్డ్స్ మాత్రమే పెరిగితే అది చాలావరకు ట్రాఫిక్ రద్దీయే. ఇక్కడే చాలామంది పొరబడతారు: సీఆర్‌సీ లెక్క పడేది అందుకునే వైపు. పాడైన మాడ్యూల్ అవతలి చివర ఉండొచ్చు! ఇటువైపుది మార్చి మార్చి విసిగిపోవద్దు.

తర్వాత డీడీఎమ్ రీడింగ్‌లో ఉష్ణోగ్రత, లేజర్ కరెంట్, అందుతున్న కాంతి ఎంతో చూడాలి. లినక్స్‌లో ఈథ్‌టూల్ కమాండ్ ఇవి చూపిస్తుంది. కొన్ని కాపర్ మాడ్యూళ్లు ఈ వివరాలు ఇవ్వవు. పింగ్ రోజంతా నడిపి, నష్టం వచ్చిన సమయాన్ని ఉష్ణోగ్రతతో పోల్చండి. టేబుల్ ఫ్యాన్ తిప్పి పెడితే నష్టం తగ్గిందా.. వేడే కారణమని దాదాపు తేలినట్టే. తగ్గకపోతే మాడ్యూల్‌ను వేరే పోర్టులోకి మార్చండి. లోపం దాంతోపాటే వెళ్తే మాడ్యూల్‌ది, అక్కడే ఉండిపోతే కేబుల్‌ది లేదా పోర్టుది. ఫైబర్ కొనకు దుమ్మున్నా ఇవే లక్షణాలు కాబట్టి తుడవడం మరవొద్దు.

జాగ్రత్త.. కాలుతున్న మాడ్యూల్‌ను ఒట్టి చేత్తో లాగొద్దు, ఫైబర్ కొనలోకి కన్ను పెట్టి చూడొద్దు. ఆ వెలుగు కంటికి కనిపించదు. మరమ్మతయ్యాక కౌంటర్లు సున్నా చేసి, మర్నాడు మధ్యాహ్నం రెండింటికి మళ్లీ చూడండి.