ముదిమిలో ల్యుకేమియా: జంట మందుల చరిత్ర

అక్యూట్ మైలాయిడ్ ల్యుకేమియా ఎక్కువగా పెద్ద వయసులో వచ్చే జబ్బు. దానికి 1970ల నుంచి నడిచిన చికిత్స మాత్రం గట్టి ఒంటివాళ్ల కోసం పుట్టింది. పేరు ‘7+3’: ఏడు రోజులు సైటరబీన్, మూడు రోజులు డానోరుబిసిన్. ఎముక మజ్జను దాదాపు ఊడ్చేసి, మళ్లీ మొలకెత్తేదాకా కాచుకోవడమే ఈ పద్ధతి. గుండో కిడ్నీలో బలహీనపడ్డ వృద్ధులు దీన్ని తట్టుకోలేరు. వాళ్లకు చాలాకాలం దక్కింది రక్తం ఎక్కించడం, కొద్ది మోతాదులో సైటరబీన్, అంతే.

ల్యుకేమియాకు ఒంటి మందు చాలదన్న సంగతి పాతదే. 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ పిల్లలకిచ్చిన అమినోప్టెరిన్ జబ్బును కొన్నాళ్లే అణచింది. అది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం లెడర్లీలో తయారుచేసిన మందు. 1960లకల్లా పిల్లలకు నాలుగేసి మందులు కలిపి ఇచ్చారు. వృద్ధుల వంతు రావడానికి ఇంకో అరశతాబ్దం పట్టింది.

వాళ్లకు చివరికి దక్కిన జంట అజాసైటిడిన్, వెనెటోక్లాక్స్. ఆ జంటలో ఏ మందూ విడిగా గొప్పది కాదు. అజాసైటిడిన్ ఒక్కటే ఇస్తే, 2015 నాటి ట్రయల్‌లో సగటు (మధ్యస్థ) ఆయువు 10.4 నెలలు, పాత చికిత్సలతో 6.5. చావాల్సిన కణాన్ని చావనివ్వని బీసీఎల్-2 ప్రోటీన్‌ను అడ్డుకునే వెనెటోక్లాక్స్ ఒంటరిగా 32 మందిలో ఆరుగురికే పనిచేసింది. రెండింటినీ కలిపిన వయాలే-ఎ ట్రయల్‌లో 431 మంది చేరారు. 75 ఏళ్లు దాటినవారు, లేదా ఇతర జబ్బులవల్ల ‘7+3’కు పనికిరారన్నవారు. 2020లో ఫలితం వచ్చింది: జంటకు 14.7 నెలలు, అజాసైటిడిన్‌కు 9.6.

ఈ జంటలో వెనెటోక్లాక్స్ మోతాదును మాత్రం మెల్లగా పెంచాలి: తొలిరోజు 100 మిల్లీగ్రాములు, మర్నాడు 200, మూడోరోజు 400. కణాలు ఒక్కసారిగా పగిలితే పొటాషియం, యూరిక్ యాసిడ్ రక్తంలోకి పొంగి కిడ్నీల మీద పడతాయి. అందుకే పూటపూటకూ రక్తపరీక్షలు. ఫంగస్ రాకుండా పోసకొనజోల్ ఇస్తే వెనెటోక్లాక్స్ ఒంట్లోంచి త్వరగా పోదు. అప్పుడు మోతాదు 100 లోపుకు దించాలి.

ప్రతి జోడీ కుదరలేదు. తక్కువ మోతాదు సైటరబీన్‌తో వెనెటోక్లాక్స్ కలిపిన వయాలే-సి తొలి లెక్కలో గణాంకపరంగా నెగ్గలేదు. ఐడీహెచ్1 జన్యుమార్పు ఉన్నవారికి అజాసైటిడిన్, ఐవోసిడెనిబ్ జోడీ అనుకున్నదానికన్నా బాగా కుదిరింది: 2022లో ప్రచురితమైన ట్రయల్‌లో 24 నెలలు, అజాసైటిడిన్ ఒక్కదానికి 7.9. ఆ ఊపులో అజాసైటిడిన్, వెనెటోక్లాక్స్ జంటకు మూడో మందుగా మాగ్రోలిమాబ్‌ను చేర్చి చూశారు. మేలు కనబడలేదు సరికదా మరణాల ముప్పు పెరగడంతో 2024 ఫిబ్రవరిలో ఆ ట్రయల్‌ను ఆపేశారు.