విజయచిహ్నములు: స్తంభము, విగ్రహము, పెండేరము

విజయమును పొందుట ఒక కార్యము. దానిని నిలుపుకొనుట వేఱొక కార్యము. యుద్ధము ముగిసిన మఱునాటినుండియే దాని స్మృతి మాయ నారంభించును. ఆ స్మృతిని కాపాడుకొనుటకై మానవుడు కల్పించుకొన్న సాధనములే విజయచిహ్నములు. నేడు ‘ట్రోఫీ’ అన్నంతనే క్రీడాపోటీలలో నిచ్చు వెండిపాత్ర మనస్సునకు దోచును. కాని ఆ మాట వెనుక దీర్ఘమైన చరిత్ర కలదు. కృష్ణదేవరాయల కళింగ దండయాత్రను ప్రధానోదాహరణముగా గైకొని, విజయచిహ్నమున కేది అర్థమో విచారించుట ఈ వ్యాసోద్దేశము.

‘ట్రోఫీ’ శబ్దమునకు మూలము ‘మరలుట’ అను నర్థముగల గ్రీకు ధాతువు. శత్రుసేన వెన్నిచ్చిన చోట గ్రీకులు ఒక మ్రానిమోడును నాటి, దానికి ఓడినవారి కవచమును, శిరస్త్రాణమును, డాలును తగిలించి దేవతల కర్పించెడివారు. ఆ మ్రాను శిథిలమైనచో దానిని బాగుచేయుట తగదని ప్లూటార్కు రచనవలన తెలియుచున్నది. వైరము కూడ ఆ కొయ్యతోపాటు కాలక్రమమున నశింపవలెనని దాని భావము. థీబ్సువారు స్పార్టావారిపై గెలిచి కంచుతో అట్టి చిహ్నమును నిలిపినందులకు ఆక్షేపణకు గుఱియైరని సిసిరో చెప్పెను. అనగా చిహ్నమును నిలుపుట ఎంత ప్రాచీనమో, అది ఎంతకాలము నిలువవలెనను ప్రశ్నయు నంత ప్రాచీనమే.

మన దేశమున విజయచిహ్నములు రెండు తెఱగులుగా గానవచ్చును. మొదటిది శత్రుభూమిలో నిలిపి వచ్చునది. కాళిదాసు రఘువంశమున రఘువు గంగాప్రవాహముల నడుమ జయస్తంభములు నాటినట్లు వర్ణితము. రెండవది శత్రుభూమినుండి తెచ్చుకొనునది. 11వ శతాబ్ది మధ్యభాగమున రాజాధిరాజ చోళుడు పశ్చిమ చాళుక్యుల రాజధానియగు కళ్యాణపురమును దహించి, అచ్చటి ద్వారపాలక శిలావిగ్రహమును తన దేశమునకు గొనిపోయెను. ఆ సంగతి విగ్రహపీఠముమీదనే చెక్కబడినది. ద్వారమును కాచుటకై నిలిచిన మూర్తియే బందీయైన వైనమును ఆ శాసనము లోకమునకు జాటుచున్నది.

1509లో పట్టమునకు వచ్చిన కృష్ణదేవరాయలు ఈ రెండు పద్ధతులను ఒకే దండయాత్రలో అవలంబించెను. గజపతుల యధీనమునందున్న ఉదయగిరి దుర్గమును 1513లో ముట్టడింప నారంభించి 1514లో వశపఱచుకొనెను. అచ్చటి బాలకృష్ణ విగ్రహమును విజయనగరమునకు గొనివచ్చి, క్రొత్తగా నాలయము గట్టించి 1515లో ప్రతిష్ఠించెను. 1515లోనే కొండవీడు లోబడెను. 1516లో రాయలు సింహాచల స్వామిని దర్శించి కానుకలర్పించినట్లు అచ్చటి శాసనము తెలుపుచున్నది. పొట్నూరున నిలిపిన జయస్తంభము ఆ కాలపు కావ్యములలో కీర్తింపబడినది. ఈ విజయమును పురస్కరించుకొని రాజధానిలో ఒక ‘విజయగృహము’ వెలసెనని పోర్చుగీసు యాత్రికుడు పేయిస్ వ్రాసెను.

ఇచ్చట నొక విశేషము గమనింపదగియున్నది. సంధి కుదిరినపిమ్మట ప్రతాపరుద్ర గజపతి తన కూతును రాయలకిచ్చి వివాహము చేసెను. రాయలు కృష్ణకు ఉత్తరమున గెలిచిన భూములను మరల నిచ్చివేసెను. పొట్నూరు ఆ భూభాగములోనిదే. కావున జయస్తంభము గెలిచిన రాజ్యమునకు ఎల్లఱాయి కాలేదు; అది ‘ఇంతదూరము రాగలిగితిమి’ అను మాటకు మాత్రమే సాక్షి. ఉదయగిరి విషయము వేఱు. కృష్ణకు దక్షిణముననున్న ఆ దుర్గము రాయల రాజ్యములోనే నిలిచెను. దానినుండి తెచ్చిన విగ్రహమునకు రాజధానిలో గుడియు, మాన్యములును, నిత్యపూజయు నేర్పడెను. ఆ కాలపు బంగారు వరాహములపైనున్న మూర్తి బాలకృష్ణునిదేయని పెక్కుమంది నాణెశాస్త్రజ్ఞుల యభిప్రాయము. స్తంభము దండయాత్ర యొక్క మేరను చూపగా, విగ్రహము రాజ్యమున జేరినదానిని చూపుచున్నది.

విగ్రహమును తెచ్చుట కేవలభక్తియని కొందఱు, కేవలాపహరణమని కొందఱు తలపవచ్చును. రెండును అసమగ్రములు. కేవలభక్తియే యైనచో ఉదయగిరిలోనే గుడి గట్టింపవచ్చును. కేవలాపహరణమే యైనచో చాళుక్య ద్వారపాలకునివలె దానిని ప్రదర్శనవస్తువుగా నుంచియుండవచ్చును. ఓడిన ప్రభువు కొలిచిన దైవమునే గెలిచిన ప్రభువును కొలుచుటచేత, అధికారము చేతులు మాఱినను ఆరాధన తెగలేదని ప్రజలకు దెలియును. అయినను ఉదయగిరి గుడి తన మూర్తిని గోల్పోయిన మాట మఱువరాదు. గెలిచినవాని శాసనము దొరకును. పోగొట్టుకొన్న యూరి దుఃఖమునకు శాసనముండదు.

యుద్ధభూమి మర్యాద సాహిత్యసభకును సంక్రమించినది. ప్రౌఢదేవరాయల కొలువున శ్రీనాథుడు గౌడ డిండిమభట్టును గెలిచి, అతని కంచుఢక్కను పగులగొట్టించెనని చాటుపద్య సంప్రదాయము. ఇది ఓడినవాని వస్తువును గైకొను పద్ధతియే. అతడు మరల వాయింపకుండుటకై దానిని భగ్నము చేయుట విశేషము. పెద్దన పాదమునకు రాయలు స్వహస్తముతో గండపెండేరము దొడిగెనని వేఱొక సంప్రదాయము. గండడనగా శూరుడు, పెండేరము వీరుడు ధరించు కాలియందె. ఇక్కడ ఎవరి వస్తువును లాగుకొనలేదు, ఎవరి ఢక్కయు పగులలేదు. చిహ్నము ఓడినవానినుండి గాక, మెచ్చినవానినుండి వచ్చినది. ఈ రెండును చాటుసంప్రదాయములే యైనను, గౌరవమునుగూర్చి సంఘము భావించిన తీరునకు సాక్ష్యములు. నేటి క్రీడాపాత్ర వంశమున పెండేరమునకు జెందినది: అది ఓడినవానినుండి తీసినది కాదు, సభ యిచ్చునది. ఏటేట చేతులు మాఱు పాత్రలో గ్రీకు కొయ్యలోని సంయమముకూడ కొంత కలదు.

కావున ఇట్టి వస్తువును పరిశీలించునపుడు, ఎవరు గెలిచిరను ప్రశ్నతో నాగక, అది నిలిపినదా, తెచ్చినదా, ఇచ్చినదా యని విచారింపవలెను. 1565 నాటి యుద్ధానంతరము విజయనగరము పాడువడెను. ఉదయగిరినుండి తెచ్చిన బాలకృష్ణుడు నేడు భగ్నాంగుడై చెన్నపట్టణపు ప్రభుత్వ మ్యూజియములో నున్నాడు. తెచ్చిన రాజ్యము లేదు, ఇచ్చిన మాన్యములు లేవు, పూజయు లేదు. ఆ మూర్తి దేవుడుగాను, విజయచిహ్నముగాను నుండి, తుదకు చరిత్రకు ఆధారముగా మిగిలెను. ఆ మూడు దశలను కలిపి చదివినపుడే దాని యర్థము పూర్ణమగును.