పగడం తెల్లబోయిన వైనం

సత్యవేడు 1960 ఏప్రిల్ 1 దాకా చెంగల్పట్టు జిల్లాలో ఉండేది. సరిహద్దుల మీద వచ్చిన పటాస్కర్ తీర్పుతో చిత్తూరులో కలిసింది గానీ, దానికి దగ్గరి మహానగరం మాత్రం చెన్నపట్నమే. అక్కడి ముత్యాలపేటలో పగడాల వర్తకుల వీధి నేటికీ ఉంది. 17, 18 శతాబ్దాల్లో యూదు వర్తకులు లివోర్నో రేవు మీదుగా మధ్యధరా పగడాన్ని తెప్పించి, బదులుగా గోల్కొండ వజ్రాలు పంపేవారు. అంతకు ఎంతో ముందే, 1244 నాటి గణపతిదేవుని మోటుపల్లి శాసనంలో సుంకం విధించిన సరుకుల్లో పగడమూ ఉంది.

తాళిలో గుండ్ల పక్కన గుచ్చే ఆ ఎర్రపూస రాయి కాదు, సముద్రజీవి కట్టుకున్న గూడు. 1720లలో పెస్సొనెల్ అనే మార్సేయ్ వైద్యుడు పగడపు 'పూలు' నిజానికి జంతువులని చెబితే పారిస్ పండితులు నమ్మలేదు. ఎర్ర పగడం ఒంట్లో శైవలాలు (సూక్ష్మమైన నాచు) ఉండవు. దిబ్బలు కట్టే పగడాలు అలా కాదు. వాటి ఒంట్లోనే శైవలాలు కాపురముంటాయి. నీడ, ఎరువు పగడానివి. ఎండతో వండిన తిండి శైవలాలది. శైవలాలు వెళ్లిపోతే పల్చటి మాంసం వెనకనుంచి తెల్లటి సున్నపు ఎముక కనిపిస్తుంది.

ఈ పొత్తును బాక్టీరియా కూడా చెడగొట్టగలదని 1996లో కుష్మారో, రోజెన్‌బర్గ్ బృందం చూపింది. ఇజ్రాయెల్ తీరంలో, అంటే అదే మధ్యధరాలో, ఆక్యులినా పగడం ఏటా వేసవిలో పాలిపోయేది. దోషి విబ్రియో షిలోయి. నీళ్లు వెచ్చబడ్డాకే అది పగడపు జిగురుకు అంటుకుంటుంది, లోపలికి చొరబడి విషం వదులుతుంది. ఆ విషం శైవలాల కిరణజన్య సంయోగక్రియను ఆపేస్తుంది. విచిత్రమేమంటే, శైవలాలు పనిచేస్తేనే జిగురులో అది అంటుకునే పట్టు ఏర్పడుతుంది. తెల్లబడిన పగడానికి విబ్రియో అంటుకోదు. ఇంటి దీపమే దొంగకు దారి చూపినట్టు!

కథ అక్కడితో తేలలేదు. కొన్నేళ్లకు ఆ పగడాలు విబ్రియోకు లొంగడం మానేశాయి. తెల్లబడిన ఆక్యులినాలో అసలు ఆ క్రిమి జాడే లేదని 2008లో మరో బృందం తేల్చింది. నా లెక్కలో క్రిమి తోడుదొంగ. అసలు దొంగ వేడి.

గోదావరి, కృష్ణల బురదనీటి వల్ల ఆంధ్ర తీరంలో పగడపు దిబ్బలు పెరగవు. దక్షిణాన మన్నారు సింధుశాఖలో, తూత్తుకుడి నుంచి రామేశ్వరం దాకా 21 దీవుల చుట్టూ ఉన్నాయి. 2016 వేసవిలో అక్కడి పగడాల్లో కొన్ని తెల్లబడి చచ్చిపోయాయి. కారణం క్రిమి కాదు, కాగిన సముద్రం.