డ్రిల్లు మాస్టరు చదువు ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చింది



గుండెల మీద ఏనుగును నిలిపిన కోడి రామమూర్తి నాయుడు గారి పేరు మన పెద్దల నోట అందరమూ విన్నాం. ఆయన విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడయ్యే ముందు మన సైదాపేటకు వచ్చి వ్యాయామ శిక్షణ పొందారన్న సంగతి మాత్రం మనలో చాలామందికి తెలియదు. అంతటి బలశాలి కూడా బలం వేరు, బలం గురించిన చదువు వేరు అని గుర్తించారు.

తర్వాత అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో చదివిన హ్యారీ క్రో బక్ దొర మద్రాసు వచ్చి 1920లో వైఎంసీఏ వ్యాయామ కళాశాల మొదలుపెట్టారు. నందనంలో అది నేటికీ ఉంది. 1924 పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్టుకు మేనేజరు ఆయనే. గ్వాలియర్ కళాశాల వచ్చింది 1957లో. అంటే ఈ చదువుకు మన ఊరు పుట్టిల్లు లాంటిది.

"ఇదీ ఒక చదువేనా?" అనే ప్రశ్న మన ఇళ్లలో మాత్రమే పుట్టింది కాదు. 1963లో హార్వర్డ్ మాజీ అధ్యక్షుడు జేమ్స్ కోనంట్, వ్యాయామ విద్యలో పీజీ కోర్సులు ఎత్తేయాలని పుస్తకంలోనే రాశారు. చిత్రం ఏమిటంటే, శ్రమకు శరీరం ఎలా స్పందిస్తుందో 1927 నుంచి పరిశోధించిన ఫెటీగ్ లాబొరేటరీ ఉన్నది ఆ హార్వర్డ్‌లోనే. అది 1947లో మూతపడింది, ఆయన అధ్యక్షుడిగా ఉన్న కాలంలోనే. అంతకు ముందే ఇంగ్లండులో ఎ.వి. హిల్, కండరంలో పుట్టే వేడిని కొలిచి 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి అందుకున్నారు.

కోనంట్‌ విమర్శ తర్వాత ఏడాదే, 1964లో, బర్క్‌లీ ప్రొఫెసర్ ఫ్రాంక్లిన్ హెన్రీ ఇది స్వతంత్ర శాస్త్రమేనని వాదిస్తూ వ్యాసం రాశారు. ఆటలు నేర్పడం ఒక పని, మనిషి కదలికను అర్థం చేసుకోవడం వేరే పని అన్నది అందులో సారాంశం. క్రమంగా విశ్వవిద్యాలయాల్లో విభాగాల పేర్లు మారాయి. కైనిసియాలజీ, ఎక్సర్‌సైజ్ సైన్స్ అన్నవి అలా వాడుకలోకి వచ్చాయి.

ఈ పీజీలో ఏం చదువుతారు? ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తే మనిషి ఎంత ఆక్సిజన్ వాడుతున్నాడో మాస్కు పెట్టి కొలుస్తారు. నడిచేటప్పుడు పాదం నేలను ఎంత బలంతో తాకుతోందో ఫోర్స్ ప్లేటుతో చూస్తారు. గుండెపోటు వచ్చినవారు మళ్లీ ఎంత నడవవచ్చో, పెద్దవాళ్లు జారి పడకుండా కాళ్లకు బలం ఎలా రావాలో తెలుసుకుంటారు. షుగరు, మోకాళ్ల నొప్పులు లేని ఇల్లు మనలో ఎన్ని ఉన్నాయో లెక్కేసుకుంటే ఈ చదువు మనకు ఎంత దగ్గరిదో అర్థమవుతుంది.

చెన్నై శివార్లలోని తమిళనాడు వ్యాయామ విద్య, క్రీడల విశ్వవిద్యాలయం 2005లో మొదలైంది. అక్కడ ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీకీ, బయోమెకానిక్స్‌కూ విడి విభాగాలున్నాయి. పిల్లలు దూరం పోనక్కరలేదు.

మన విద్యా సహాయ నిధి జాబితాలో ఇంజనీరింగు, వైద్యం, సీఏ ఉన్నాయి, ఇది లేదు. నిధి చిన్నదే. ఒకరిని చేరిస్తే మరొకరి వాటా తగ్గుతుంది, నిజం. అయినా కోర్సు పేరు చూసి కాక, మార్కులూ ఇంటి పరిస్థితీ చూసి ఇవ్వడం న్యాయమని మేము అనుకుంటున్నాం. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ మార్పు ప్రతిపాదిస్తాం. కాదనేవాళ్లు కూడా తప్పక వచ్చి తమ మాట చెప్పండి.