గడప దాటిన కమాను

జంషెడ్‌పూరు బిష్టుపూరులోని గోపాల మైదానమున ఏటేట నవంబరులో, బిర్సా ముండా జయంతినాడు మొదలై కొన్ని దినములు సాగెడు ‘సంవాద్’ అను ఆదివాసి సమ్మేళనమునకు పోయినప్పుడు, డోళ్ళ హోరునకు దూరముగా ఒక మూల చాపమీద కూర్చుండి బానము వాయించుచున్న సంతాలు వృద్ధునొకనిని చూచి అచ్చటనే నిలిచిపోయితిని. బానమనగా మన ఫిడేలు వంటిదే; కాని పలకలు అతికించి చేసినది కాదు. ఒకే కొయ్యదుంగను తొలిచి, క్రింది డొల్లకు తోలు మూసి, పైడొల్లను తెరచియే ఉంచి, ఒక్క తంతి బిగింతురు. కమానునకు గుఱ్ఱపుతోక వెండ్రుకలు. పైకొనను చెక్కిన తలకు కన్నులు, ముక్కు, నోరు ఉన్నవి. ముసలివాడు దానిని నిలువుగా ఆనించుకొని వాయించుచుండగా మనుమరాలిని ఒడిలో కూర్చుండబెట్టుకొని మాటలాడించుచున్నట్లుండెను. ఆ నాదమున తేనె లేదు. గొంతు జీరవోయిన ముత్తవ్వ జోల పాడిన తీరున, స్వరముతోపాటు ఊపిరియు వినవచ్చుచుండెను.

ఆ జీర నాకు క్రొత్త కాదు. ఫిన్లాండు దేశపు జానపద బాణీలను, బరోక్ యుగపు సంగీతమును ఒకే గృహకచేరీలో కూర్చి వాయించిన రికార్డొకటి విన్నప్పుడు, హార్ప్సికార్డు గలగలల నడుమనుండి ఇట్టి నాదమే లేచి నన్ను ఉలికిపడజేసినది. అది యౌహిక్కో అను వాద్యము. గుఱ్ఱపు వెండ్రుకలు కమానునకే గాక తంతులకును వాడుటచేత దానికా పేరు వచ్చినది. చట్రములోని కంతగుండ చేయి దూర్చి, వ్రేళ్ళ వెనుకవైపుతో తంతిని తాకి స్వరములు పలికింతురు. ప్రక్కతంతి మన తంబురావలె శ్రుతి నిలుపుచుండును. ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళకు అది కరేలియా పల్లెలలో కొద్దిమంది ముదుసళ్ళ చేతులలోనే మిగిలియుండెను. ఎ. ఓ. వైసానెన్ అను పండితుడు 1910 దశకమున వారి ఊళ్ళు వెదకికొని పోయి, వారి వాదనమును యంత్రమున నిక్షేపించెను. ఆయన శ్రమకు నేటి వాదకులెల్లరు ఋణపడియున్నారు.

ఇట్టి పల్లెవాద్యమును రాజసభల సంగీతము సరసన కూర్చుండబెట్టుట నేటివారి వింతపోకడయని తలచువారు కలరు. నేనట్లు తలపజాలను. సుమారు 1600 మొదలు 1750 వఱకు ఐరోపాలో వర్ధిల్లిన సంగీతమునకు బరోక్ అని తరువాతివారు పేరిడిరి; పోర్చుగీసువారు సొట్టముత్యమును పిలిచెడు పిలుపు దానికి మూలమని పలువురి మతము. ఆ కాలమున ఇటలీ విద్వాంసులు సంగీతమును వినెడి చోటును బట్టి విభజించిరి: చర్చికి ఒకటి, ‘కామెరా’కు, అనగా ఇంటిగదికి, మఱొకటి. వారిలో కోరెల్లి 1681లో చర్చి సొనాటాలను, 1685లో గది సొనాటాలను అచ్చువేయించెను. ఈ గది సొనాటాలను విప్పి చూచితిమేని లోపల కనబడునవి అల్లెమాండ, కొరెంతె, సరబాండ, జిగ. అన్నియు నాట్యముల పేర్లే. ఎచ్చటనో పాదముల క్రింద పుట్టిన లయలు ప్రభువుల గడప దాటి లోనికి వచ్చి, నర్తించువారి అడుగులు లేకున్నను వినదగినంత సున్నితము దేరినవి.

లోనికి వచ్చినది మరల బయటికి పోయిన వృత్తాంతము ఫిన్లాండున కలదు. నా మనస్సునకు అదియే మిక్కిలి ఇంపైనది. 1809 వఱకు ఆ దేశము స్వీడను ఏలుబడిలో నుండెను. ఆ దారినే ఫిడేలు వచ్చినది. పోలండు పేరు మోయు పోల్స్కా నాట్యము వచ్చినది. ఫ్రెంచి రాజసభల ముద్దుబిడ్డయైన మినువెట్టును వచ్చినది. నగరములు మినువెట్టును మఱచి వేఱు నాట్యములు వెదకికొన్న తరువాతను, ఫిన్లాండు పడమటితీరపు ఓస్ట్రోబొత్నియా పల్లెలలో స్వీడిషు పలుకు రైతుజనము పెండ్లిండ్లలో దానిని విడిచిపెట్టలేదు. ఆ ప్రాంతమునకు చెందినదే కౌస్తినెన్ అను చిన్న ఊరు. చెవితో విని చేతితో పట్టుకొను ఫిడేలు విద్య అచ్చటి ఇండ్లలో తరతరములుగా సాగుచున్నది. 1968 నుండి జానపద సంగీతోత్సవము జరుగుచున్నది. 2021లో యునెస్కో ఆ వాదనరీతిని మానవజాతి వారసత్వపు పట్టికలో చేర్చినది. కనుక ప్రేగుతంతులు కట్టి, నేటి శ్రుతికి సుమారు అరమెట్టు దించి, బరోక్ ఫిడేలు వాయించు విద్వాంసుడొకడు పల్లెబాణీ యెత్తుకొన్న నాడు, అతడు పరాయియింటికి పోవుట లేదు.

వాద్యముల పుట్టుకను గూర్చిన కథలు సయితము ఇట్లే దూరములెఱుగవు. లోన్‌రాట్ కూర్చిన ఫిన్లాండు మహాకావ్యము ‘కలేవలా’లో, 1849 నాటి ప్రతిలో, కథానాయకుడైన వైనామొయినెన్ ఏడ్చుచున్న భూర్జవృక్షమును ఓదార్చి, దాని కొయ్యతో కాంతెలె అను వాద్యమును చేసి, ఒక కన్యక ఇచ్చిన శిరోజములను దానికి తంతులుగా బిగించును. ఇటు మన దేశమున, మాన్‌భూమిలోని పొఖురియాలో, క్యాంప్‌బెల్ అను మిషనరీ 1891లో అచ్చొత్తించిన సంతాలు కథలలో, వదినెల కుట్రచే చెఱువున మునిగి మరణించిన చెల్లెలు వెదురై మొలచును. ఆ వెదురుతో జోగి యొకడు ఫిడేలు చేయగా అది ఆమె గొంతుతో విలపించును. ఒకచోట తల వెండ్రుక, ఒకచోట గొంతు: రెండుచోట్లను వాద్యమున దాగినది ఆడుబిడ్డయే. బానమునకు తలయు కన్నులు చెక్కుట చూచినప్పుడు ఆ చెల్లెలే నాకు స్ఫురించును.

మనవారును ఈ గడప దాటినవారే. బాలుస్వామి దీక్షితులు మద్రాసులో ఐరోపావారివద్ద ఫిడేలు నేర్చి దానిని మన సంగీతమునకు తెచ్చెను. ఆయన అన్న ముత్తుస్వామి దీక్షితులు కోట బ్యాండువారి బాణీలకు, తెల్లవారి పాటలకు సంస్కృత సాహిత్యము కూర్చి నొట్టుస్వరములను వెలయించెను. ఆంగ్లేయుల రాజగీతపు మెట్టు సయితము ‘సంతతం పాహిమాం’ అని అమ్మవారి స్తుతియైనది. ఆ వంశపు సుబ్బరామ దీక్షితులే 1904లో ఎట్టయపురమున ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని తెలుగులో అచ్చువేయించెను. విజయనగరము సంగీత కళాశాలలో 1919లో ఆచార్యుడైన ద్వారం వెంకటస్వామినాయుడుగారి ఫిడేలును 1952లో పాశ్చాత్య ఫిడేలు విద్వాంసుడు మెనూహిన్ మద్రాసున జస్టిస్ రాజమన్నారుగారింట కూర్చుండి విని ముగ్ధుడయ్యెనట, అదియు గృహకచేరీయే.

ఉక్కు కార్ఖానాను నమ్ముకొని విజయనగరము, శ్రీకాకుళము వైపునుండి జంషెడ్‌పూరు చేరిన తెలుగు కుటుంబములు వెంట తెచ్చుకొన్నది ఆ ఫిడేలునే. బిష్టుపూరు శ్రీరామమందిరమున దానిని విని ఇంటికి మరలినప్పుడెల్ల, ఖర్కాయి ఆవలి పల్లెలలోని బానమునకు దానికి ఇన్నాళ్ళు ఒక చాపమీద చోటు దొరకకపోయెగదా యని బాధపడుచుందును.

ఆనాడు మైదానమున ముసలివాడు వాయించుట చాలించి, తంతి సడలించి, బానమును నా చేతికిచ్చెను. తెఱచిన డొల్లలో ఉలిగాట్లు స్పష్టముగా కనబడుచుండెను. గోటితో ఒక్కసారి మీటితిని. సడలిన తంతియైనను డొల్ల కొంతసేపు మ్రోగెను. అతడు తల వంచి అది ఆగువఱకు వినెను.