‘నరాల జబ్బు’: అర్థవిస్తృతి, ప్రయోగం

ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దులోని ఏన్కూరులోనైనా, హైదరాబాదులోనైనా సెలైను ఎక్కించే వేళ ‘నరం దొరకలేదు’ అన్న మాట వినిపిస్తుంది. ఇక్కడ నరమంటే సిర. ‘మెడ నరం పట్టేసింది’ అన్నప్పుడు అది చాలావరకు కండరం. ‘మెదడులో నరం చిట్లింది’ అన్నప్పుడు ధమని. ‘నరాల డాక్టరు’ అనే వ్యవహారంలో మాత్రమే అది శాస్త్రం చెప్పే నాడి.

ఈ బహుళార్థకతను అజ్ఞానంగా భావించడం సరికాదు. తమిళ ‘నరంబు’, కన్నడ ‘నర’ సైతం ఇంతే విస్తృతార్థం కలవి. తమిళంలో అది యాళ్ వాద్యపు తీగ కూడా. గ్రీకు ‘న్యూరాన్’కు మొదటి అర్థం స్నాయువు, వింటినారి. క్రీ.పూ. 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో హీరోఫిలస్ శవపరీక్షల ద్వారా నాడులను స్నాయువుల నుండి వేరుచేసిన తరువాతే ఆ పదార్థం సంకోచించింది. సుశ్రుతసంహిత 700 సిరలు, 900 స్నాయువులు, 24 ధమనులని విడివిడిగా లెక్కించినా, వాడుక తెలుగు వీటన్నింటినీ ‘నరం’లోనే ఇముడ్చుకుంది.

పాఠ్యపుస్తకాలు ‘నాడీవ్యవస్థ’ను స్థిరపరచాయి. అయితే ‘నాడి చూడడం’ అప్పటికే వైద్యుని మణికట్టు పరీక్షకు రూఢమైన పలుకుబడి. అందువల్ల ‘నాడీవ్యాధి’ తరగతి గదిని దాటి ఊరిలోకి వెళ్లలేదు.

పాశ్చాత్య పరిభాష కూడా నిలకడగా లేదు. 1769లో విలియం కల్లెన్ నాడీరోగాలకు పెట్టిన ‘న్యూరోసిస్’ క్రమంగా మానసిక వ్యాధిని సూచించింది. 1980లో అమెరికన్ మనోవైద్య వర్గీకరణ దానిని ప్రధాన విభాగంగా విడిచిపెట్టింది. 1869లో జార్జ్ బియర్డ్ ప్రచారంలోకి తెచ్చిన ‘న్యూరస్తీనియా’కు అక్షరార్థం నరాల బలహీనతే. వైద్యం దాదాపుగా వదిలేసిన ఆ భావన మన గోడప్రకటనలలో లైంగిక బలహీనతకు మర్యాదపూర్వకమైన మారుపేరుగా బతుకుతున్నది!

‘పక్షవాతం’ విషయం ఇంకా తీవ్రమైనది. చరకుడు 80 వాతవికారాలను పేర్కొన్న సంప్రదాయం నుండి వచ్చిన ఈ పదం చూపును చచ్చుబడిన కాలుచేతులపై నిలుపుతుంది. దెబ్బ తగిలింది మెదడుకు. రక్తనాళం పూడుకుపోతే గడ్డను కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి. ‘వాతం’ అనుకొని పసరుమందుకు, మర్దనకు వెళ్లిన ఇంట ఆ గడువు దాటిపోతుంది. అడవి అంచు పల్లెలకు పెద్దాసుపత్రి దూరం కావడంతో మాట వల్ల జరిగే ఆలస్యం మరింత బరువవుతుంది.

దీనికి భిన్నంగా మధుమేహ రోగులు చెప్పే ‘తిమ్మిర్లు’, ‘అరికాళ్ల మంటలు’, ‘చెప్పు జారినా తెలియడం లేదు’ వంటి మాటలు నాడులు దెబ్బతిన్న తీరును ‘నరాల బలహీనత’ కన్నా కచ్చితంగా పట్టిస్తాయి. పరిభాషా నిర్మాతలు ఈ మాటలను ఇంకా పదకోశాలలోకి సరిగా చేర్చవలసి ఉంది.