జెండా దించిన మీటరు

అక్టోబర్ 29 వస్తే ముంబయి టాక్సీవాలాలకు పద్మిని గుర్తొస్తుంది. 2003లో అదే రోజున తార్‌దేవ్ ఆర్టీఓలో చివరి ప్రీమియర్ పద్మిని కారు టాక్సీగా రిజిస్టరైంది. టాక్సీలకు పెట్టిన 20 ఏళ్ల గడువు తీరడంతో 2023 అక్టోబర్ 30 నుంచి ఆ బండ్లు రోడ్డెక్కలేదు.

అంతకుముందు కథ పెద్దదే. ఒకప్పుడు కిరాయికి దొరికేవి విక్టోరియా గుర్రపు బగ్గీలు. 1911లో మోటారు టాక్సీలు వచ్చాయి. 1964లో కుర్లా ఫ్యాక్టరీ ఫియట్ డిలైట్‌ను తయారుచేసింది. అదే తర్వాత పద్మిని అయింది. నల్లటి ఒళ్లు, పసుపు టాపు. జనం నోట 'కాలీ పీలీ'.

నాకు ఆ బండికంటే దాని మీటరంటే ప్రాణం. అది లోపల ఉండేది కాదు, ముందు ఎడమవైపు బయట బిగించిన ఇనుప పెట్టె. దాని మీది జెండా నిలబడి ఉంటే బండి ఖాళీ అని రోడ్డు అవతలివాళ్లకూ తెలిసేది. మనం ఎక్కగానే డ్రైవరు జెండా దించేవాడు. దిగేటప్పుడు మీటరులో పడ్డ అంకె అసలు చార్జీ కాదు, పాత రేటు. ఇంధనం ధర పెరిగి చార్జీలు మారినప్పుడల్లా మీటర్లన్నీ మార్చలేక అధికారులు టారిఫ్ కార్డు అచ్చు వేసేవారు. ఆ అంకెకు ఎదురుగా ఎంత ఉందో చూసి డబ్బిచ్చేవాళ్లం. హైదరాబాదు రైలు దిగిన కూలీకైనా, మలబార్ హిల్ సేఠ్‌కైనా ఒకటే కార్డు. లెక్క ఇద్దరి కళ్ల ముందూ ఉండేది.

2010 డిసెంబరులో యాప్ టాక్సీల సంస్థ ఓలా ఇదే ముంబయిలో పుట్టింది. 2013లో ఉబర్ బెంగళూరులో అడుగుపెట్టింది. పెట్టుబడిదారుల డబ్బుతో మొదట చార్జీలు తగ్గించి ప్రయాణికుల్ని తమవైపు తిప్పుకున్నాయి. గిరాకీ పెరిగినప్పుడు చార్జీ పెంచుకునే వీలూ వాటికుంది. ప్రభుత్వం నిర్ణయించిన రేటు దాటలేని కాలీ పీలీకి ఆ రెండూ లేవు. పర్మిట్ నియమాలు మాత్రం నెత్తిన ఉన్నాయి. దగ్గరి దూరానికి రానని తెగేసి చెప్పిన డ్రైవర్ల వల్ల ప్రయాణికులు విసిగిపోయిన మాటా నిజమే. ఆ తప్పుకు శిక్ష మాత్రం నిజాయితీగా నడిపినవాడికీ పడింది. యాప్ కింద నడిపేవాడికీ సుఖం లేదు. తన రేటు తాను నిర్ణయించుకోలేడు.

ఒకే రోడ్డు మీద తిరిగే బండ్లకు రెండు న్యాయాలు ఉండకూడదు. చార్జీ ఎలా లెక్కగట్టారో యాప్ కూడా టారిఫ్ కార్డులా బాహాటంగా చూపాలి. ఈసారి ముంబయిలో దిగితే స్టేషను బయట వరసలో నిలబడ్డ కాలీ పీలీ ఎక్కండి. మీటరు చూసి డబ్బివ్వండి.